వెనకొచ్చేవాడి దీపం

పండక్కి వెయ్యి లైట్లతో మెరిసిపోయే ట్రాక్టర్ ట్రాలీ, పంట మోసే రాత్రుల్లో మాత్రం నల్లటి గోడలా వెళ్తుంటుంది. నాలుగేసి ఎర్ర ఎల్‌ఈడీల వరసలు, వరసకో రెసిస్టరు, రెండడుగుల ప్లాస్టిక్ పైపుతో ఊరి మిస్త్రీలే దానికి దీపం పెట్టగలరు. పెడుతున్నారు కూడా.

వినాయక నిమజ్జనం రోజున ట్రాక్టర్ ట్రాలీ సోకు చూడాలి. ముందు డీజే పెట్టెలు, వెనక జనరేటరు, నాలుగు మూలలా అరటిచెట్లు, వాటికి చుట్టిన సీరియల్ సెట్లు. తొట్టి అంచుల వెంబడి వరసలు వరసలుగా ఎల్‌ఈడీ స్ట్రిప్పులు. ఊరి పొలిమేర దాటకముందే స్వామివారు బయల్దేరారని పక్క ఊరికి తెలిసిపోతుంది. రెండు మూడు నెలలు తిరిగేసరికి అదే ట్రాలీ ధాన్యం బస్తాలు ఎత్తుకుని రాత్రిపూట మిల్లు దారి పడుతుంది. అప్పుడు దాని వెనక వెలిగేది ఏమీ ఉండదు. మహా అయితే ఎప్పుడో అంటించిన రేడియం స్టిక్కరు ముక్క, దాని మీద అంగుళం మందాన బురద.

పండక్కి లైట్లు కట్టిన కుర్రాళ్లు ఊళ్లోనే ఉన్నారు. స్ట్రిప్పు ఎక్కడ కత్తిరించాలో, ఏ వైరు దేనికి కలపాలో వాళ్లకు కొట్టిన పిండి. మిగిలిన స్ట్రిప్పు చుట్ట ఎవరింట్లోనో అటక మీదే ఉంటుంది. మరి తొట్టి వెనక ఒక్క ఎర్ర దీపం ఎందుకు వెలగదు? ఈ ప్రశ్న పట్టుకుని కోతల కాలంలో ఆటో ఎలక్ట్రీషియన్ కొట్ల దగ్గర కూర్చుంటే, వచ్చే జవాబుల్లో సగం లైటు గురించి ఉండవు.

యాభై మీటర్ల లెక్క

డెల్టా రోడ్ల మీద గానీ, వరంగల్, కరీంనగర్ వైపు గానీ నవంబరు, డిసెంబరు రాత్రుల్లో బండి నడిపినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఎదురుగా లారీ వస్తుంది. దాని వెలుగు కళ్లల్లో కొడుతుంది. అది దాటిపోయాక కళ్లు సర్దుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ క్షణాల్లోనే ముందున్న తొట్టి దగ్గరకొచ్చేస్తుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదురుగా ఏదో ఉందని పోల్చుకుని బ్రేకు మీద కాలు వెయ్యడానికి ఒకటిన్నర సెకను అనుకున్నా, అప్పటికే బైకు 25 మీటర్లు పోయి ఉంటుంది. పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో ఆగడానికి మరో పాతిక మీటర్లు. మొత్తం యాభై. డిమ్‌లో ఉన్న బైకు లైటు, మట్టికొట్టుకుపోయిన ఇనప రేకును చూపించేదేమో ముప్ఫై నలభై మీటర్లలోపే. అంటే కనిపించేసరికే ఆలస్యమైపోయింది. తొట్టి కదులుతూ ఉంటే కాస్త నయం, పంక్చరై ఆగి ఉంటే అదీ లేదు. ఇక సంక్రాంతి ముందు మంచు రోజుల్లో ఈ లెక్కలేవీ పనిచేయవు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు వెనక ఎర్ర దీపం 155 మీటర్ల దూరానికి కనబడాలంటాయి. నంబరు ప్లేటు మీద పడే తెల్లని వెలుగులో 15 మీటర్ల దూరం నుంచి నంబరు చదవగలగాలంటాయి. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలన్న సంగతే సగం మందికి పట్టదు, ఇక నంబరు మీద లైటు మాట సరేసరి. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ చెప్పింది. ఆ ఏడాది ప్రమాదాల్లో దాదాపు అయిదో వంతు వెనక నుంచి గుద్దినవే. అందులో అన్నీ ట్రాలీలు కావు, నిజమే. కానీ జిల్లా పేజీ రోజూ చదివేవాళ్లకు 'ఆగి ఉన్న ట్రాక్టర్‌ను ఢీకొన్న' అనే వార్త ఎంత అలవాటో తెలుసు.

మన పాత తరం ఈ విషయంలో మనకంటే మెరుగు. ఎడ్లబండి రాత్రి ప్రయాణం కడితే ఇరుసు కింద కిరసనాయిలు లాంతరు వేలాడదీసేవాళ్లు. ఆ వెలుగు ఎడ్లకు దారి చూపించేంత ఉండదు. దారి వాటికే తెలుసు. ఇక్కడో బండి ఉందని ఎదురొచ్చేవాడికీ, వెనకొచ్చేవాడికీ చెప్పడానికే ఆ లాంతరు. బండి పోయి ట్రాలీ వచ్చింది, మోసే బరువు పెరిగింది, లాంతరు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

సీట్లోంచి కనబడని లైటు

ట్రాలీ కొత్తగా వచ్చినప్పుడు వెనక లైట్లుంటాయి. రేకు బ్రాకెట్లో రెండు ఫిలమెంట్ల బల్బు. అందులో 5 వాట్లది రాత్రంతా వెలిగేది, 21 వాట్లది బ్రేకు తొక్కితే వెలిగేది. మొదటి సీజన్లోనే ఎవరో వెనక్కి తీస్తూ కళ్లం గట్టుకి ఆనిస్తారు, ఎడమ పక్క అద్దం పోతుంది. ఇసక దించుతుంటే వెనక డోరు ధడేల్మని పడి కుడి పక్కది పోతుంది. అద్దాలు మిగిలినా బల్బు మిగలదు. ఖాళీ ట్రాలీ గోతుల్లో ఎగిరెగిరి పడే తీరుకు, వేడెక్కి ఉన్న ఫిలమెంటు తెగిపోవడం ఎంతసేపు?

పైగా మన ఊళ్లలో ఒక ట్రాలీ ఒక ట్రాక్టరుకే కట్టుబడి ఉండదు. ఇవాళ అన్నగారి ఇంజను, రేపు బావమరిది ఇంజను. ఒకదానికి ఏడు పిన్నుల సాకెట్ ఉంటుంది, ఇంకోదానికి సాకెట్ ఉండాల్సిన చోట చిల్లు మాత్రమే ఉంటుంది. హుక్కులో పిన్ను దింపి బయల్దేరడం ఒక్క నిమిషం పని. వంగి ప్లగ్గు పెట్టడం ఇంకో అర నిమిషం. ఆ అర నిమిషమే ఎవరికీ దొరకదు.

వీటన్నిటికంటే పెద్ద కారణం ఇంకొకటుంది. ముందు లైటు పోతే డ్రైవరుకు దారి కనబడదు, మర్నాడు పొద్దున్నే మిస్త్రీ దగ్గరికి పరుగెత్తుతాడు. హారను పోతే చెయ్యి వెయ్యగానే తెలుస్తుంది. వెనక దీపం పోతే సీట్లో ఉన్నవాడికి ఏ లోటూ ఉండదు. డబ్బు పెట్టేదొకడు, చూసేది ఇంకొకడు. ఆ చూసేవాడు ఎవరో, ఏ ఊరివాడో తెలీదు. వెయ్యి లైట్ల నిమజ్జనం బండికీ, లైటు లేని ధాన్యం బండికీ మధ్య ఉన్న తేడా అంతా ఇదే అని నా అభిప్రాయం. అక్కడ మన లైట్లు మనకు కనబడతాయి.

చవకైన ఎరుపు

సాధారణ ఎర్ర ఎల్‌ఈడీ కొత్తదేం కాదు. 1962లోనే అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో నిక్ హోలోన్యాక్ కంటికి కనబడే ఎరుపు వెలిగించి చూపించాడు. పాత రేడియోల మీద, స్టెబిలైజర్ల మీద మినుకుమినుకుమనే ఎర్ర చుక్క దాని సంతతే. నీలం కోసం మాత్రం ముప్ఫై ఏళ్లు ఆగాల్సొచ్చింది. 1993లో జపాన్‌లో షూజీ నకమురా దేదీప్యమానమైన నీలం ఎల్‌ఈడీ తెచ్చాడు. దాని మీద పసుప్పచ్చ ఫాస్ఫర్ పూత పూస్తే తెలుపు వచ్చింది. నీలం మీదే పనిచేసిన అకసాకి, అమనోలతో కలిపి ఆయనకు 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. ఆ మరుసటి ఏడాది మన దేశంలో ఉజాలా పథకం మొదలై ఇంటింటికీ ఎల్‌ఈడీ బల్బు చేరింది, ధర నేలకు దిగింది. ఇప్పుడు తోరణాల స్ట్రిప్పు ఫ్యాన్సీ కొట్లో దొరుకుతుంది. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి వెళితే విడి ఎల్‌ఈడీలు గుప్పెళ్ల లెక్కన కట్టిస్తారు.

ట్రాలీకి ఇది దేవుడిచ్చిన వస్తువు. తెగడానికి ఫిలమెంటు లేదు, కుదుపుకి బెదరదు. ఇంకో లాభం జనం గమనించరు. మామూలు బల్బు బ్రేకు తొక్కాక పూర్తిగా ఎర్రబడటానికి సెకనులో అయిదో వంతు తీసుకుంటుంది. ఎల్‌ఈడీ తొక్కగానే వెలుగుతుంది. వెనకొచ్చే బైకువాడికి ఆ కాస్త సమయంలోనే మూడు మీటర్ల పైచిలుకు దూరం కలిసొస్తుంది.

పైపు ముక్కలో ఇరవై నాలుగు చుక్కలు

గుడివాడ దగ్గర రోడ్డు పక్కన ఓ ఆటో ఎలక్ట్రీషియన్ కొట్టు. ముందు ఆటో బ్యాటరీలు, పక్కన పాత డైనమోలు, పైకప్పుకు వేలాడే వైరు చుట్టలు. మిస్త్రీకి ముప్ఫై అయిదేళ్లుండొచ్చు. బల్ల మీద అంగుళంన్నర ప్లాస్టిక్ పైపును నిలువునా సగానికి కోసి పెట్టుకున్నాడు. లోపల పట్టేలా ఒక ఫైబర్ షీటు ముక్క, దానికి వరసగా చిల్లులు. ఒక్కో చిల్లులోంచి ఒక్కో ఎర్ర ఎల్‌ఈడీ తల బయటికి చూస్తోంది.

ఆయన కట్టే పద్ధతి ఇది. నాలుగు ఎర్ర ఎల్‌ఈడీలు ఒకదాని వెనక ఒకటి, పొడుగు కాలు పొట్టి కాలుకు కలుపుతూ వెళ్లడం. వరస చివర 330 ఓమ్‌ల రెసిస్టరు. అలాంటి వరసలు ఆరు, పక్కపక్కన. మొత్తం ఇరవై నాలుగు చుక్కలు.

"నాలుగే ఎందుకు, అయిదో ఆరో పెట్టొచ్చుగా?" అని అడిగాను.

"బ్యాటరీ మీద పన్నెండని రాసుంటది సార్. బండి స్టార్ట్ చేసి మీటరు పెట్టండి, పద్నాలుగున్నర చూపిస్తది. పన్నెండు లెక్కన కడితే మాడిపోద్ది. పద్నాలుగు లెక్కన మరీ టైటుగా కడితే, ఇంజను ఆపినప్పుడు వెలగదు. రెండిట్లోనూ బతకాలి."

ఆయన మాటను కాగితం మీద పెడితే అక్షరాలా నిజం. ఎర్ర ఎల్‌ఈడీ ఒక్కోటి సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది, నాలుగుకీ 8. ఇంజను నడుస్తుంటే వచ్చే 14.4 వోల్టుల్లో మిగిలిన 6.4ను రెసిస్టరు మింగుతుంది. 6.4ను 330తో భాగిస్తే 19 మిల్లీ ఆంపియర్ల చిల్లర. ఈ రకం ఎల్‌ఈడీలు ఓర్చుకునేది 20. ఇంజను ఆపి బ్యాటరీ 12.4కి దిగినా 13 మిల్లీ ఆంపియర్లు పారుతుంది, వెలుగు కాస్త తగ్గుతుందే తప్ప ఆరదు. మొత్తం దీపం తాగేది రెండు వాట్లలోపు. తోరణాల స్ట్రిప్పును నేరుగా ట్రాలీకి అంటిస్తే నెలకే నల్లబడిపోవడానికి కారణం కూడా ఈ లెక్కలోనే ఉంది. ఆ స్ట్రిప్పులో మూడేసి ఎల్‌ఈడీలకు ఒక రెసిస్టరు ఉంటుంది, అది ఇంట్లో అడాప్టరిచ్చే నికరమైన 12 వోల్టులకు లెక్కగట్టింది. ట్రాక్టరు మీద దానికి నిత్యం జ్వరమే.

ఎల్‌ఈడీలు ఎంచడంలోనూ కిటుకుంది. డబ్బాలోంచి రెండు రకాలు తీసి చేతిలో పెట్టాడు. ఒకటి గాజులా తేటగా, తల గుండ్రంగా ఉంది. ఎదురుగా చూస్తే కళ్లు జిగేల్మన్నాయి, కాస్త పక్కకు తిప్పితే ఆరిపోయినట్టే అనిపించింది. రెండోది తల చదునుగా ఉంది. వెలుగు అంత పదును లేదు గానీ ఏ పక్క నుంచి చూసినా కనబడుతోంది. ట్రాలీకి రెండోదే కావాలి. మలుపు తిరిగే ట్రాలీని పక్క డొంకలోంచి వచ్చేవాడు కూడా చూడాలి కదా.

చాలామంది చేసే ఇంకో పని, తెల్ల స్ట్రిప్పు వేసి ముందు ఎర్ర ప్లాస్టిక్ బిగించడం. చూడ్డానికి దీపంలా ఉంటుంది, వెలుగు మాత్రం నీరసంగా వస్తుంది. తెల్ల ఎల్‌ఈడీ వెలుగులో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర ప్లాస్టిక్ మిగతాదంతా ఆపేస్తుంది. ఎరుపు కావాలంటే ఎర్ర ఎల్‌ఈడీయే వేసి, ముందు తేట ప్లాస్టిక్ పెట్టుకోవాలి.

సోల్డరింగ్ అయ్యాక మూత వెయ్యడం దగ్గర మిస్త్రీ చాలాసేపు తీసుకున్నాడు. ట్రాలీ చెరువులో దిగుతుంది, కాలవలో కడుగుతారు, వానలో నిలబడుతుంది. సీలు చెయ్యకపోతే వారం. అద్దాల కొట్లో దొరికే సిలికాన్ ట్యూబుల్లో ఒక రకానికి పిండగానే వెనిగర్ వాసన ఘాటుగా కొడుతుంది. అది ఆరేటప్పుడు వచ్చే ఆమ్లం రాగి తీగను పచ్చగా తినేస్తుంది. వాసన లేని రకం అడిగి తెచ్చుకోవాలి. పైపు రెండు చివర్లకూ మూతలు, వైరు వచ్చే చిల్లు కిందివైపు, అడుగున సూదిమొన అంత ఇంకో చిల్లు. ఎంత మూసినా లోపల చెమ్మ పడుతుంది, పడిన నీటికి దారి ఉండాలి. వైరు మొదట్లో ఒక డయోడ్ కూడా పెడతాడాయన. ఎవరైనా బ్యాటరీ తిరగేసి కలిపినా దీపం బతుకుతుంది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు సంగతి అడగ్గానే నవ్వాడు. "అది పెట్టకుండా పంపితే గడ్డి ట్రాలీ కాలిపోయిందని నా కొట్టు మీదకే వస్తారు సార్."

ఎర్తే అసలు రోగం

మేం మాట్లాడుతుండగానే ఒకాయన ట్రాక్టరు ఆపి దిగాడు. వయసు అరవై పైనే.

"ఏం అబ్బాయ్, పోయిన నెల్లో ఏసిన లైట్లు అప్పుడే పోయినియ్యే?"

"లైట్లు పోలేదు బాబాయ్. ఎర్త్ పోయుంటది."

మిస్త్రీ టెస్ట్ లాంప్ తీసుకుని తొట్టి వెనక్కి వెళ్లాడు. నిజమే. లైటు రెండో తీగను ట్రాలీ ఛాసీకి కలిపి వదిలేశారు ఎవరో. అలా చేస్తే కరెంటు తిరిగి వెళ్లాల్సింది డ్రాబార్ హుక్కులోంచి, పిన్నులోంచి. ఆ పిన్నుకేమో గ్రీజు, తుప్పు, మట్టి. గోతిలో పడ్డప్పుడు ఇనుము ఇనుముకు తగిలి వెలుగుతుంది, మళ్లీ ఆరుతుంది. బ్రేకు తొక్కితే ఇండికేటరు వెలగడం, ఇండికేటరు వేస్తే వెనక దీపం కూడా మిణుకుమనడం, ఈ దయ్యాల కథలన్నిటికీ మూలం ఎర్తే. కరెంటు తన దారి దొరక్క పక్కింటి దారిలో పోతుంటుంది. మందు ఒక్కటే: ఎర్త్‌కు విడిగా ఒక వైరు ప్లగ్గుదాకా లాగాలి.

ఆ ప్లగ్గులోనూ చిక్కుంది. ఏడు పిన్నుల ట్రైలర్ సాకెట్‌కు అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో ఎర్త్ తెల్ల తీగ. నలుపు ఎడమ వెనక దీపానిది. మన మిస్త్రీలకేమో నలుపంటే ఎర్తే. కంపెనీ వైరింగు మీద ఊరి వైరింగు కలిపినప్పుడు ఫ్యూజులు ఎగిరిపోయేది ఇక్కడే. అమెరికాలో కారు వెనక చిన్న ట్రైలరు కట్టుకునే మనవాళ్లకు నాలుగు తీగల చదును ప్లగ్గు తెలుసు. అక్కడా తెలుపే ఎర్త్. ప్లగ్గు మూత లోపల ఏ నంబరుకు ఏ తీగో పెన్నుతో రాసి పెట్టుకుంటే, రేపు బావమరిది ఇంజను కట్టినప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు.

వైరు మందం విషయంలో ఎల్‌ఈడీ మనల్ని కాస్త క్షమిస్తుంది. ట్రాక్టరు బ్యాటరీ నుంచి తొట్టి చివరకు ఎనిమిది మీటర్లనుకుందాం, రానుపోను పదహారు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరులో రెండు 21 వాట్ల బ్రేకు బల్బులు వెలిగిస్తే దారిలోనే దాదాపు ఒక వోల్టు పోతుంది. బల్బు వెలుగు తగ్గి నీల్గుతుంది. అదే వైరులో ఎల్‌ఈడీ దీపాలు వేస్తే పోయేది లెక్కలోకి రాదు. అలాగని టేప్‌రికార్డరు స్పీకరు వైరు లాగేస్తే ఎలకలు ఊరుకోవు. వైరు సన్నమైనా కరెంటుకు చాలు, పళ్లకు చాలదు. ప్లాస్టిక్ పైపులో దూర్చి, ఛాసీ లోపలివైపు నుంచి తీసుకెళ్లాలి. జాకీతో ఎత్తే ట్రాలీ అయితే తొట్టి పైకి లేచినప్పుడు సాగేంత వదులు ఉంచాలి. లేకపోతే మొదటి ఇసక లోడుతోనే తెగుతుంది.

ఇండికేటర్లకు ఎల్‌ఈడీ వేసినవాళ్లు ఇంకో వింత చూస్తారు. పాత రకం ఫ్లాషరు బల్బు లాగే కరెంటు మీద ఆధారపడి కొట్టుకుంటుంది. ఎల్‌ఈడీ అంత లాగదు కాబట్టి కొన్ని ఫ్లాషర్లు బల్బు పోయిందనుకుని గబగబా కొట్టుకుంటాయి, కొన్ని అసలు కొట్టుకోవు. ఎలక్ట్రానిక్ ఫ్లాషరు మార్చేస్తే సరి.

రంగుల పిచ్చి

దీపాలు చవకయ్యాక వచ్చిన జబ్బు ఇంకొకటి. తొట్టి వెనక నీలం, ఆకుపచ్చ, పోలీసు బండిలా ఎరుపు నీలం మార్చి మార్చి కొట్టేవి. కంటికి నేరుగా కొట్టే తెల్ల బార్‌లైటు వెనక్కి తిప్పి పెట్టినవాళ్లనూ చూశాను. ఇండికేటరు, రివర్సు, నంబరు ప్లేటు దీపాల్ని మినహాయిస్తే వెనక్కి కనబడేది ఎరుపే ఉండాలి, ముందుకు ఎరుపు కనబడకూడదు. ఇది పోలీసుల చాదస్తం అనుకోవడానికి లేదు. చీకట్లో తెలుపు కనబడితే ఎదురొస్తోందనీ, ఎరుపు కనబడితే పోతోందనీ మన కన్ను ఆలోచించకుండానే తీర్మానించుకుంటుంది. తొట్టి వెనక తెల్ల లైటు పెట్టినవాడు ఆ తీర్మానాన్ని తలకిందులు చేస్తున్నాడు.

ఇంట్లో చేసిన దీపం నిబంధనల దృష్టిలో కంపెనీ దీపానికి బదులు కాదు. ప్రమాణాల ముద్ర ఉన్న దీపం చట్టానికి ఉండాల్సిందే. దాని పక్కన ఇది అదనం. ఇంకా చెప్పాలంటే ఈ రెండిటికంటే ముందు ఉండాల్సింది రేడియం టేపు. వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. దానికి వైరు అక్కర్లేదు, ఎర్త్ అక్కర్లేదు. వెనకొచ్చేవాడి లైటు పడితే చాలు. పొలంలోంచి రోడ్డెక్కే ముందు గుడ్డతో ఒక్కసారి తుడవాలి, అంతే.

తుడిచినా లాభం లేని ట్రాలీలూ ఉన్నాయి. వరిగడ్డి, చెరకు, పత్తి. గడ్డి కట్టలు తొట్టి దాటి వెనక్కి నాలుగడుగులు పొడుచుకొస్తాయి. దీపం, టేపు, నంబరు, అన్నీ ఆ గడ్డి చాటునే. ఇక్కడే ఇంట్లో చేసిన దీపానికి నిజమైన అక్కర. అదే పైపు దీపానికి పొడుగాటి వైరు, రెండు చివర్లా కొక్కేలు. లోడు కట్టడం పూర్తయ్యాక చివరి తాడుకు తగిలిస్తే లోడు చివర ఎక్కడుందో అక్కడే ఎరుపు ఉంటుంది. కంపెనీ లైటు ఆ పని చెయ్యలేదు. 21 వాట్ల బల్బును ఎండుగడ్డికి ఆనించి వెలిగించే ధైర్యం ఎవరికీ ఉండకూడదు, రెండు వాట్ల ఎల్‌ఈడీ చేత్తో పట్టుకోవచ్చు. గడ్డి దగ్గర భయపడాల్సింది వదులు జాయింట్లకు. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు గడ్డిలో ఉండకూడదు. సోల్డరింగ్ చేసి స్లీవు ఎక్కించాలి.

ఇంజను విప్పుకుపోతే

టైరు పగిలిందనుకోండి. డ్రైవరు తొట్టిని రోడ్డు మీదే వదిలి, ఇంజను విప్పుకుని టౌనుకు పోతాడు. బ్యాటరీ ఇంజనుతోనే పోయింది. ఇప్పుడు తొట్టికి ఎంత మంచి ఎల్‌ఈడీలున్నా ఒకటే. మనవాళ్లు చేసేది ఒక చెట్టుకొమ్మ విరిచి వెనక పడేయడం, చుట్టూ నాలుగు రాళ్లు పెట్టడం. పని అయ్యాక కొమ్మను పక్కకు లాగుతారు, రాళ్లను మాత్రం రోడ్డుకే వదిలేస్తారు. వాటి మీద పడ్డ బైకుల లెక్క వేరే.

దీనికి సొంతంగా బతికే దీపం కావాలి. చిన్న సోలార్ పలక, లోపల ఒక రీచార్జి సెల్లు, అడుగున స్పీకరులోంచి పీకిన అయస్కాంతం. వెనక డోరుకు అంటిస్తే అతుక్కుంటుంది. కాలేజీ కుర్రాళ్లు పాత ల్యాప్‌టాప్ సెల్లులతో ఇవి కడుతున్నారు. సరదాగానే ఉంటుంది గానీ పాత లిథియం సెల్లును ఛార్జింగ్ రక్షణ బోర్డు లేకుండా మన మే నెల ఎండలో ఇనప తొట్టికి అంటించి ఉంచడం ప్రమాదం. నా ఓటు టార్చిలైట్ల మామూలు సెల్లులకే. టూల్ బాక్సులో రాత్రి దీపం ఒకటి, మడిచే ఎర్ర ముక్కోణం ఒకటి ఉంటే కొమ్మ విరవక్కర్లేదు.

గుడివాడ కొట్టు దగ్గర ఎర్త్ వైరు లాగించుకున్న పెద్దాయన ట్రాక్టరు ఎక్కుతూ అడిగాడు. "అబ్బాయ్, ఇది మళ్లీ పోతే నాకు తెలిసేదెట్టా? నేను ముందు కూచుంటా, అది ఎనకాల ఉంటది."

మిస్త్రీ కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత ప్లగ్గు మూత విప్పి రెండో నంబరు పిన్ను చూశాడు. చాలా బళ్లలాగే ఇందులోనూ ఖాళీయే. ఆరు వరసల్లో ఒక వరస ఎర్త్ తీగను విప్పి, దాన్ని ఆ పిన్నుకు కలిపాడు. అక్కణ్నుంచి వైరు డ్యాష్‌బోర్డుకు తెచ్చి, అక్కడో ఆకుపచ్చ ఎల్‌ఈడీని అదే వరసలో అయిదోదిగా పెట్టి, దాని రెండో కాలు ఎర్త్ చేశాడు. వరసలో ఒకటి పెరిగింది కాబట్టి 330 రెసిస్టరు తీసి అంతకంటే తక్కువ ఓమ్‌లది వేశాడు. ఇప్పుడు కరెంటు వెనక నాలుగు ఎర్ర చుక్కల్నీ దాటుకుని వచ్చి, ఆకుపచ్చ చుక్కలోంచి పోవాలి. ప్లగ్గు ఊడినా, వైరు తెగినా, ఎలక కొరికినా, సీటు ముందున్న ఆకుపచ్చ ఆరిపోతుంది.

పెద్దాయన ప్లగ్గు పీకి చూశాడు, పెట్టి చూశాడు. "దీనికెంత?" అన్నాడు.

"ఏబై ఇవ్వు బాబాయ్."

"ముప్పై ఇస్తా" అని స్టార్ట్ చేశాడు.